మాట వినిపిస్తుంది, బొమ్మ కనిపించదు: టీవీ బ్యాక్‌లైట్ బాగుచేసుకునే పద్ధతి

టీవీ పెట్టగానే పాట వినిపిస్తుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. చానల్ మారిస్తే మాట మారుతుంది, శబ్దం పెంచితే పెరుగుతుంది, తెర మీద మాత్రం ఏమీ ఉండదు. మెకానిక్‌ను పిలిస్తే తరచు వచ్చే జవాబు ఒకటే: "ప్యానెల్ పోయిందండీ. దానికి పెట్టే డబ్బుతో కొత్త టీవీయే వస్తుంది." ఆ మాట నమ్మి పాతసామాను బండికి ఎత్తేసిన టీవీలు నాకు తెలిసినవే అరడజను ఉన్నాయి. వాటిలో చాలావాటికి ప్యానెల్ నిక్షేపంగా ఉంది. దాని వెనక దీపం ఆరిపోయింది, అంతే.

ఎల్ఈడీ టీవీ అని మనం పిలిచేది నిజానికి ఎల్‌సీడీ టీవీయే. ప్యానెల్ అంటే ముందున్న గాజు పలక, దానికి సొంత వెలుగు లేదు. వెనక వరసగా అమర్చిన చిన్న ఎల్ఈడీ దీపాల వెలుగును అది చుక్క చుక్కగా ఆపుతూ, వదులుతూ బొమ్మ కడుతుంది. తోలుబొమ్మలాటలో తెర వెనక దీపాలు ఆరిపోయాయనుకోండి. బొమ్మ ఆడుతూనే ఉంటుంది, పాట సాగుతూనే ఉంటుంది, చూసేవాళ్లకు మాత్రం చీకటి. మీ టీవీలో జరిగిందీ అదే.

దీన్ని ఇంట్లో బాగుచేసుకోవచ్చా? 32 అంగుళాల టీవీ అయితే, ఒక పూట ఓపిక పట్టగలిగితే, చేసుకోవచ్చు. 43 అంగుళాలకు ఇంకొక మనిషి తోడు తప్పనిసరి. 55, ఆ పైన ఉన్న టీవీల గాజు ఎత్తడం చేయి తిరిగిన ఇద్దరికే కష్టం, దాన్ని మీ మొదటి పనిగా పెట్టుకోవద్దు. వారంటీ ఇంకా ఉంటే స్క్రూ ముట్టుకోకండి. ఓలెడ్ టీవీలకు బ్యాక్‌లైటే ఉండదు కాబట్టి ఇదంతా వాటికి వర్తించదు. బాగా పాత ఎల్‌సీడీ టీవీల్లో ఎల్ఈడీలకు బదులు సన్నని గాజు ట్యూబులుంటాయి. వాటిలో పాదరసం ఉంటుంది, వాటి జోలికి వెళ్లవద్దు.

ముందు టార్చితో చూడండి

రాత్రి గదిలో లైట్లు ఆర్పి టీవీ పెట్టండి. ఫోను టార్చిని తెరకు బెత్తెడు దూరంలో, కొంచెం ఏటవాలుగా పట్టుకుని రిమోట్ మీద మెనూ నొక్కండి. టార్చి వెలుగు పడినచోట అక్షరాలు నీడలా కదలాడితే ప్యానెల్ బాగుంది, బ్యాక్‌లైట్ పోయింది. ఎంత వెతికినా ఏమీ కనిపించకపోతే లోపం వేరే బోర్డులో ఉండవచ్చు. ఇక్కడ చెప్పేది అప్పుడు పనికిరాదు. గాజు మీద పగులు, పైనుంచి కిందికి రంగు గీతలు ఉంటే అది నిజంగానే ప్యానెల్ జబ్బు.

బ్యాక్‌లైట్ పూర్తిగా ఆరిపోకముందే కొన్ని సూచనలు ఇస్తుంది. పెట్టగానే ఒక్క క్షణం తెర వెలిగి ఆరిపోవడం వాటిలో ముఖ్యమైనది. ఎల్ఈడీలు దండలో పూసల్లా ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. ఒక్కటి తెగినా కరెంటు దారి మూసుకుపోతుంది. వాటిని నడిపే డ్రైవర్ సర్క్యూట్ వోల్టేజి పెంచి చూస్తుంది, లాభం లేదని తెలిసి తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. తెర సగమే వెలగడం మరో సూచన. రూపాయి బిళ్లంత తెల్లని చుక్కలు కనిపిస్తే మాత్రం ఎల్ఈడీ పోలేదు, దాని మీద వెలుగును పరిచే చిన్న లెన్సు ఊడిపోయింది.

ఇక బొమ్మంతా నీలంగానో ఊదాగానో మారడం. ఈ ఎల్ఈడీలు పుట్టుకతో తెల్లవి కావు, నీలం రంగువి. మీద పూసిన పసుపు ఫాస్ఫర్ పూత ఆ నీలాన్ని తెలుపు చేస్తుంది. వేడికి పూత చెడితే అసలు రంగు బయటపడుతుంది. ఈ నీలం ఎల్ఈడీని సాధించినందుకే 2014లో ముగ్గురు శాస్త్రవేత్తలకు, అకసాకి, అమనో, నకమురాలకు, భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అంత గొప్ప వస్తువును మనం ఇంట్లో వేడికి మాడ్చేస్తున్నాం.

అవును, వేడికే. "కరెంటు హెచ్చుతగ్గులకు పోయిందండీ" అనే మాట దుకాణాల్లో తరచు వింటాం. టీవీ పవర్ సప్లై సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల దాకా ఏది ఇచ్చినా సర్దుకుంటుంది, డ్రైవర్ ఎల్ఈడీలకు ఇచ్చే కరెంటును స్థిరంగా ఉంచుతుంది. కాబట్టి ఎల్ఈడీల వరకు ఆ నింద చాలాసార్లు అన్యాయం. వాటిని తినేసేది ఏళ్ల తరబడి పూర్తి వెలుగులో నడిపించడం.

కరెంటు దగ్గర హాస్యాలు వద్దు

ప్లగ్ తీసేసినా టీవీ లోపల కరెంటు ఉంటుంది. 230 వోల్టుల ఏసీని డీసీగా మారిస్తే కరెంటును నిల్వ ఉంచే పెద్ద కెపాసిటర్ మీద 325 వోల్టుల దాకా నిలుస్తుంది. పీఎఫ్‌సీ అనే, వోల్టేజిని ఇంకా పెంచే సర్క్యూట్ ఉన్న బోర్డుల్లో దాదాపు 400. ప్లగ్ లాగిన తర్వాత కనీసం పది నిమిషాలు ఆగండి. ఆపై మల్టీమీటర్‌ను 1000 వోల్టుల డీసీ మీద పెట్టి ఆ కెపాసిటర్ కాళ్ల మధ్య కొలవండి. ఇంకా మిగిలి ఉంటే, హోల్డరుకు బిగించిన పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు తీగలు రెంటినీ ఆ కాళ్లకు ఆనించండి. బల్బు ఒకసారి మెరిసి ఆరుతుంది. స్క్రూడ్రైవర్‌తో కాళ్లు కలిపి నిప్పురవ్వలు రప్పించేవాళ్లను చూసి నేర్చుకోకండి.

సిద్ధం చేసుకోవలసినవి మరీ ఎక్కువ లేవు: నక్షత్రపు మొన స్క్రూడ్రైవర్లు, అంచులు విప్పడానికి పాత ఏటీఎం కార్డు, గాజు ఎత్తడానికి రెండు రబ్బరు సక్షన్ కప్పులు, నూలు చేతితొడుగులు, మల్టీమీటర్, కాగితపు టేపు, ఒక పెద్ద అట్టముక్క. వీటితో పాటు ఎల్ఈడీ బ్యాక్‌లైట్ టెస్టర్ కొనండి. 0 నుంచి 300 వోల్టుల వరకు తనంతట తానే సర్దుకుని, కొన్ని మిల్లీ ఆంపియర్ల కరెంటుతో, ఎల్ఈడీలు వరసగా బిగించి ఉండే పట్టీలను వెలిగించే చిన్న పెట్టె అది. కరెంటు తక్కువే అయినా 300 వోల్టులు షాక్ కొడుతుంది, మొనలను చేత్తో పట్టుకోవద్దు. అది దొరక్కపోతే 9 వోల్టుల బ్యాటరీకి 1000 ఓముల రెసిస్టర్ ఒకటి కలిపి ఒక్కో ఎల్ఈడీని విడిగా పరీక్షించవచ్చు. ఆలస్యమవుతుంది కానీ పని జరుగుతుంది. మల్టీమీటర్‌లోని డయోడ్ పరీక్షను నమ్ముకోకండి. చాలా మీటర్లు ఇచ్చే వోల్టేజి ఈ ఎల్ఈడీలకు చాలదు, బాగున్నదీ చచ్చినట్టే కనబడుతుంది.

గాజు ముట్టుకోకముందే తేల్చుకోండి

టీవీని బోర్లా పెట్టాలి. మెత్తటి పరుపు మీద కాదు, పరుపు కుంగితే గాజు వంగుతుంది. నేల గానీ బల్ల గానీ శుభ్రంగా తుడిచి, దుప్పటి మడతపెట్టి పరవండి. కింద ఒక్క ఇసుక రేణువు ఉన్నా తెర మీద గీత పడుతుంది. అట్టముక్క మీద టీవీ ఆకారం గీసుకుని, వెనక మూత నుంచి తీసిన ప్రతి స్క్రూనూ అదే చోట గుచ్చండి. పొడుగు స్క్రూ పొట్టి దాని కన్నంలోకి వెళ్తే లోపల దేన్ని పొడుస్తుందో చెప్పలేం.

మూత తీశాక, పవర్ బోర్డు నుంచి ప్యానెల్ రేకు లోపలికి వెళ్లే రెండు లేదా నాలుగు తీగల కనెక్టర్ వెతకండి. పక్కన ఎల్ఈడీ ప్లస్, మైనస్ అని రాసి ఉంటుంది. దాన్ని ఊడదీసి, లోపలికి వెళ్లే తీగలకు టెస్టర్ తగిలించండి. ఈ ఒక్క పరీక్ష మీకు సగం శ్రమ తప్పించవచ్చు. లోపల వెలుగు వచ్చి, టెస్టర్ మీద అంకె నిలకడగా ఉంటే పట్టీలు బహుశా బాగున్నాయి, లోపం డ్రైవర్‌లో ఉంది. అప్పుడు గాజు విప్పే పనే లేదు. అసలు వెలగకుండా టెస్టర్ తన గరిష్ఠ వోల్టేజి చూపిస్తే దండ ఎక్కడో తెగింది. మూడో రకం కూడా ఉంది. వెలుగుతుంది కానీ వోల్టేజి లెక్కకు తక్కువ వస్తుంది. 7 ఎల్ఈడీల పట్టీలు 3 ఉన్నాయనుకుందాం. 3 వోల్టుల రకమైతే 21 ఎల్ఈడీలకు 63 దరిదాపుల్లో రావాలి. 57 వస్తే రెండు షార్ట్ అయ్యాయన్నమాట.

గాజు ఎత్తడం

పట్టీలే పోయాయని తేలితే అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. ప్రతి తీగనూ ఫోనులో ఫొటో తీసుకుని, తర్వాత ఊడదీయండి. తెర చుట్టూ ఉన్న అంచును ఏటీఎం కార్డుతో కొద్దికొద్దిగా విప్పండి. ఫ్యాను ఆపండి.

గాజుకు ఒక అంచున సన్నని పొడవాటి బోర్డు ఒకటో రెండో ఉంటాయి. ఆ బోర్డునూ గాజునూ కలుపుతూ గోధుమరంగు పలుచని రిబ్బన్లు కనబడతాయి. పని తెలిసినవాళ్లు వాటిని కాఫ్ అంటారు. మొత్తం టీవీలో అతి సున్నితమైన భాగం ఇదే. వెంట్రుక కంటే సన్నని రాగి దారులు వందల కొద్దీ అందులో ఉంటాయి. తెగితే సోల్డరింగ్‌తో అతకదు, ప్రత్యేక యంత్రం కావాలి.

నాకిది తెలిసింది మా పిన్ని టీవీతో. ఎల్ఈడీలు ఎక్కడ పోయాయో ముందే కనిపెట్టానన్న ధీమాతో గాజును ఒక్కడినే ఎత్తాను. గాజు నా చేతిలో ఉంది, కింది బోర్డు ఇంకా రేకుకు అంటుకునే ఉంది. చప్పుడు కూడా రాలేదు. ఒక రిబ్బన్ అంచు తామరాకు మడిచినట్టు ఊరికే ముడుచుకుంది, అంతే. పట్టీలు మార్చి, అన్నీ బిగించి పెడితే వెలుగు అద్భుతంగా వచ్చింది. తెరలో మూడో వంతు నిండా నిలువు గీతలు! "పోనీలేరా, పాతదేగా" అంది పిన్ని. కొత్త టీవీ డబ్బులు మాత్రం నేనే కట్టాను.

కాబట్టి ముందుగా ఆ పొడవాటి బోర్డు మీది రేకు మూత, స్క్రూలు తీసి దాన్ని పూర్తిగా వదులు చేయండి. సక్షన్ కప్పులు అంటించి, ఒకరు గాజును, ఇంకొకరు బోర్డును పట్టుకుని, రెండూ ఒకే ఎత్తులో ఉండేలా ఒకేసారి లేపండి. మంచం మీద చదునైన అట్ట లేదా చెక్క వేసి, ఉతికిన దుప్పటి పరిచి దాని మీద పడుకోబెట్టండి. గోడకు ఆనించవద్దు. గది తలుపు మూయండి, పిల్లలున్న ఇల్లయితే గడియ పెట్టండి.

గాజు కింద ప్లాస్టిక్ చట్రం, దాని కింద పలుచని షీట్లు రెండు మూడు, వాటి కింద పాలరంగు మందపాటి పలక ఉంటాయి. షీట్ల వరస మారినా, తిరగబడినా వెలుగు చెడుతుంది. వాటిని విడదీయకుండా ఒక మూల కాగితపు టేపు వేసి, పలకతో సహా ఒకే కట్టగా తీసి పక్కన పెట్టండి. దుమ్ము పడితే రబ్బరు బుడ్డితో గాలి ఊదండి, నోటితో ఊదితే తుంపర పడుతుంది. చొక్కా అంచుతో తుడవాలనిపిస్తుంది, తుడవకండి.

ఆపైన తెల్లని కాగితంలాంటి రిఫ్లెక్టర్. ప్లాస్టిక్ గూటాలు తీసి నిదానంగా లేపితే పట్టీలు కనిపిస్తాయి. పలుచని కొన్ని టీవీల్లో ఈ అమరిక వేరు: పట్టీ కింది అంచునో పక్కనో లోహపు బద్దకు అంటుకుని ఉంటుంది, మందపాటి పారదర్శక పలక ఆ వెలుగును తెరంతా పరుస్తుంది. మిగతా పద్ధతి ఒకటే.

ఒకటి మార్చాలా, అన్నీ మార్చాలా

ఒక్కో ఎల్ఈడీ రెండు కొనలకు టెస్టర్ మొనలు ఆనిస్తూ వెళ్లండి. చచ్చినదాన్ని చాలాసార్లు కంటితోనే పట్టవచ్చు. లెన్సు లోంచి తొంగిచూస్తే పసుపు గుండ్రం మధ్యలో ఆవగింజంత నల్లమచ్చ ఉంటుంది.

ఒక్కటే పోయింది కదా, దాన్నొక్కదాన్నే మారుద్దామనిపిస్తుంది. నేను వద్దంటాను. ఒకే రోజు కట్టిన మామిడాకుల తోరణంలో ఒక ఆకు ఇవాళ ఎండితే మిగతావి ఎన్నాళ్లు పచ్చగా ఉంటాయి? అన్నీ అవే గంటలు, అదే వేడిలో వెలిగాయి. కొన్ని నెలలకు ఇంకొకటి పోతుంది, మళ్లీ ఆ గాజు ఎత్తాలి. ప్రమాదం గాజు ఎత్తడంలో ఉంది, పట్టీల ధరలో కాదు. పైగా పట్టీ చాలావరకు అల్యూమినియం, సోల్డరింగ్ ఐరన్ వేడినంతా మింగేస్తుంది. అడుగు నుంచి వేడి చేసే ప్లేటు లేకుండా ఎల్ఈడీ అతకడం చికాకు పని. తెగిన ఎల్ఈడీ దగ్గర తీగ ముక్కతో రెండు కొనలూ కలిపేసి నడిపించే చిట్కా కూడా ఉంది. చుట్టం ఇంట్లో ఉన్నంతకాలం టీవీ నడవాలంటే తప్ప దాని జోలికి పోవద్దు.

పూర్తి సెట్ కొనేటప్పుడు టీవీ మోడల్ పేరు చెప్పి ఊరుకోకండి. ఒకే మోడల్‌లో వేర్వేరు ప్యానెళ్లు వస్తాయి. పట్టీ మీద అచ్చువేసిన నంబరు, ప్యానెల్ రేకు మీది స్టిక్కరు ఫొటో తీసుకోండి. పట్టీకి ఎన్ని ఎల్ఈడీలు, పొడవు ఎన్ని మిల్లీమీటర్లు, కనెక్టర్ ఏ కొనన, స్క్రూ కన్నాలు ఎక్కడ అన్నవి రాసుకోండి. ఒక్కో ఎల్ఈడీ 3 వోల్టులదా, 6 వోల్టులదా అన్నది అన్నిటికంటే ముఖ్యం. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. బాగున్న ఎల్ఈడీ మీద టెస్టర్ చూపే అంకె ఆ సంగతి చెబుతుంది. వీలైతే పాత పట్టీనే చేతిలో పట్టుకెళ్లండి. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్ ఇలాంటి సరుకుకు పేరున్న చోట్లు. ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి, కానీ "అన్ని టీవీలకూ సరిపోతుంది" అన్నదాన్ని కొనకండి. కన్నం ఒక్క సెంటీమీటరు పక్కకు జరిగినా రిఫ్లెక్టర్ కూర్చోదు.

బిగించడం

పాత జిగురు పూర్తిగా గీకి, రేకును తుడిచి ఆరనివ్వండి. ఎల్ఈడీ వేడి ఆ రేకులోకే పోవాలి. పట్టీ మధ్యలో ఉబ్బి ఉంటే అక్కడి ఎల్ఈడీ మొదట చస్తుంది. వేడిని దాటించే రెండువైపుల టేపు వేసి, వేళ్లతో ఎల్ఈడీల మధ్య ఖాళీల్లో మాత్రమే నొక్కుతూ అతికించండి. లెన్సుల మీద నొక్కవద్దు. లెన్సు ఊడితే దాని మూడు కాళ్లకు ఎపాక్సీ చుక్కలు పెట్టి, పాత గుర్తుల మీదే నిలబెట్టండి. క్షణాల్లో అతికే జిగురు వాడితే దాని ఆవిరి లెన్సు లోపల తెల్లగా పేరుకుంటుంది.

ప్లస్, మైనస్ చూసుకుని కనెక్టర్లు కలిపి, ముందు టెస్టర్‌తో వెలిగించండి. తర్వాత రిఫ్లెక్టర్ పరిచి, పాలరంగు పలక పెట్టి, గాజు లేకుండానే టీవీ పెట్టి చూడండి. చాలా టీవీల్లో బ్యాక్‌లైట్ వెలుగుతుంది. ఇరవై నిమిషాలు అలాగే వదిలేయండి. ఇప్పుడు మెయిన్ కరెంటు ఉంది, చేయి ఎక్కడా పెట్టవద్దు. ఏదైనా మినుకుమంటే, ఒక మూల మసకబారితే ఇప్పుడే తెలిసిపోతుంది.

ప్లగ్ లాగి, మళ్లీ పది నిమిషాలు ఆగి, షీట్లు, చట్రం, గాజు వచ్చిన దారినే వెనక్కి పెట్టండి. అంచు బిగించేముందు ప్రతి రిబ్బన్‌నూ కంటితో చూడండి, ఏదీ చట్రం కింద నలగకూడదు. వెనక మూత పెట్టేముందు ఒకసారి టీవీ నడిపి చూడండి.

బొమ్మ వచ్చిన ఆనందంలో ఒక పని మరచిపోతారు. మెనూలోకి వెళ్లి బ్యాక్‌లైట్ 100 మీద ఉంటే 60కి దించండి. చాలా టీవీల్లో బ్రైట్‌నెస్, బ్యాక్‌లైట్ రెండు వేర్వేరు అమరికలు. మొదటిది బొమ్మలోని నలుపును మారుస్తుంది, ఎల్ఈడీల వేడి తగ్గించేది రెండోది. మెనూలో అది లేకపోతే, సోల్డరింగ్ బాగా వచ్చినవాళ్లకు ఇంకో దారి ఉంది. డ్రైవర్ ఐసీ దగ్గర కరెంటును కొలిచే చిన్న రెసిస్టర్లు కొన్ని పక్కపక్కన ఉంటాయి. 3 ఓములవి మూడు కలిస్తే 1 ఓం, ఒకటి తీసేస్తే 1.5 ఓం. కరెంటు మూడింట రెండు వంతులకు దిగుతుంది. కంటికి తేడా అంతగా తెలియదు. ఏ రెసిస్టరో ఖాయంగా తెలియకపోతే ముట్టుకోకండి.

పాత పట్టీల్లో బతికున్న ఎల్ఈడీలు చాలానే ఉంటాయి. 3 వోల్టుల రకమైతే ఒక్క ఎల్ఈడీ ఉన్న ముక్క కత్తిరించి, 100 ఓముల రెసిస్టర్ కలిపి, 5 వోల్టుల ఫోను చార్జరుకు తగిలిస్తే 20 మిల్లీ ఆంపియర్లతో చల్లగా వెలుగుతుంది. పిన్ని వాళ్ల వంటింట్లో రాత్రిపూట నీళ్లబిందె దగ్గర వెలిగే చిన్నదీపం అలా చేసిందే. ఆ టీవీలోదే.